ఏడింటికి ఏ కౌంటర్ తెరిచి ఉంటుంది?

ప్రశ్న: అక్కా, మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. 2004లో హెచ్‌4 వీసా మీద చికాగో వచ్చాను. ఉద్యోగం చేసే వీలు లేక, ఇంటి దగ్గరున్న కమ్యూనిటీ కాలేజీలో (ఎక్కువగా రెండేళ్ల కోర్సులు చెప్పే స్థానిక ప్రభుత్వ కాలేజీ) అకౌంటింగ్ కోర్సులు చేశాను. గ్రీన్ కార్డు వచ్చాక ఎంబీఏ చేసి, అదే కాలేజీలో సాయంత్రం క్లాసులు చెప్పే అడ్జంక్ట్‌గా, అంటే పార్ట్‌టైమ్ లెక్చరర్‌గా చేరాను. తర్వాత ఫుల్‌టైమ్ ఫ్యాకల్టీ అయ్యాను, నాలుగేళ్లుగా డీన్‌ని. నా స్టూడెంట్లలో ఎక్కువమంది వేర్‌హౌసుల్లో, నర్సింగ్ హోముల్లో, హోటళ్లలో షిఫ్టు చేసి వచ్చేవాళ్లే. వాళ్లలో ఒక్కడు పాసైనా నాకు పండగే. పోయిన నెల, కాలేజీలకి పెద్ద పదవుల్లోకి మనుషుల్ని వెతికిపెట్టే సెర్చ్ కన్సల్టెంట్ ఒకతను ఫోన్ చేశాడు. మా రాష్ట్రంలోనే నాలుగు గంటల దూరంలో ఉన్న చిన్న కమ్యూనిటీ కాలేజీకి ప్రెసిడెంట్, అంటే మొత్తం కాలేజీని నడిపే అధిపతి కావాలట, నన్ను అప్లై చెయ్యమన్నాడు. అప్పట్నుంచి నిద్ర లేదు. నా డాక్టరేట్‌లో డిసర్టేషన్ ఇంకా మిగిలే ఉంది. నా యాస చూసి వాళ్లేమనుకుంటారో అని భయం. మావారిది ఐటీ ఉద్యోగం, బాబు పదకొండో తరగతి. మా ఆడపడుచు "కమ్యూనిటీ కాలేజీయేగా, దానికింత టెన్షన్ ఎందుకు వదినా" అంటోంది. అమ్మ మాత్రం వెళ్లమంటోంది. అంగన్‌వాడీలో పనిచేస్తూ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేసిన మనిషి ఆవిడ. గడువు ఇంకా ఐదు వారాలుంది. అప్లై చెయ్యమంటారా? – ఒక చెల్లెలు, ఇల్లినాయిస్

జవాబు: అక్కా అన్నావు కాబట్టి ‘నువ్వు’ అనే చనువు తీసుకుంటున్నాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. యాస గురించి రాశావు, డాక్టరేట్ గురించి రాశావు, ఆడపడుచు ఎత్తిపొడుపూ రాశావు. ఆ కాలేజీ గురించి మాత్రం నాలుగు గంటల దూరం అన్న మాట తప్ప ఇంకేమీ లేదు. ఆ ఊళ్లో జనం ఏం పని చేసి బతుకుతారో, రాత్రి క్లాసులకి ఎవరొస్తారో, ఇప్పుడున్న ప్రెసిడెంట్ ఎందుకు వెళ్లిపోతున్నారో నీకు తెలిసినట్టు లేదు. ఫోన్ వచ్చింది, మనసు ఊగింది. తప్పు లేదు. ఒకప్పుడు నాకూ ఊగింది.

ముప్పై ఏళ్లు ఈ కాలేజీల్లోనే పనిచేసి వైస్ ప్రెసిడెంట్‌గా రిటైరయ్యాను. ప్రెసిడెంట్ పదవికి రెండుసార్లు ఫైనలిస్టుల దాకా వెళ్లాను. రెండుసార్లూ రాలేదు. కాబట్టి ఇది గెలిచినదాని మాట కాదు, ఆ సంగతి గుర్తుంచుకునే విను. మొదటిసారి ఇంటర్వ్యూలో బోర్డు మెంబరు ఒకాయన, మొక్కజొన్న పండించే రైతు, "మా ఊళ్లో మీకేం నచ్చింది?" అని అడిగాడు. నేను వాళ్ల కాలేజీ ఐదేళ్ల ప్రణాళిక గురించి పది నిమిషాలు మాట్లాడాను. ఆయన ఓపిగ్గా అంతా విని, "నేనడిగింది ఊరి గురించండీ" అన్నాడు. ఉద్యోగం అక్కడే పోయింది. పోవాల్సిందే. ఆ ఊళ్లో అప్పటికి నేను ఒక కాఫీ కూడా తాగలేదు.

ముందు ఈ పదవి ఏమిటో చెబుతాను. బయటినుంచి చూస్తే డీన్ తర్వాత వైస్ ప్రెసిడెంట్, ఆపైన ప్రెసిడెంట్, మెట్ల వరసలా కనిపిస్తుంది. కాదమ్మా, ఆ చివరి మెట్టు వేరే ఇంటిది. డీన్‌గా నువ్వు ఇప్పటికీ క్లాసు వైపు తొంగిచూడొచ్చు, లెక్చరర్‌తో కూర్చుని సిలబస్ గురించి వాదించొచ్చు. ప్రెసిడెంట్‌కి పొద్దున ఏడింటికి రోటరీ క్లబ్బు వాళ్లతో టిఫిను, పదింటికి ఆసుపత్రి వాళ్లతో నర్సింగ్ సీట్ల మాటలు, మధ్యాహ్నం బడ్జెట్, చీకటిపడ్డాక హైస్కూలు బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో జనానికి కనబడటం. చిన్న ఊరైతే పాలప్యాకెట్ కొనడానికి వెళ్లినా ప్రెసిడెంటే. మన పల్లెల్లో హెడ్మాస్టారు సంతకెళితే పది అడుగులకొకరు ఆపి మావాడి సంగతేంటి అని అడిగేవారు చూడు, అలా. సాయంత్రం స్టూడెంట్‌తో బల్ల దగ్గర కూర్చుని బ్యాలెన్స్ షీట్ సరిచేసే సుఖం ఇక ఉండదు. నీ ఉత్తరంలో నీకు పండగ అనిపించింది ఆ ఒక్కటే. దాన్ని వదులుకోగలవా అన్నది నిన్ను నువ్వు అడుక్కోవాలి.

తర్వాత బోర్డు. నువ్వు ఇల్లినాయిస్‌లో ఉన్నావు కాబట్టి తెలిసే ఉంటుంది, అక్కడి కమ్యూనిటీ కాలేజీలు డిస్ట్రిక్టుల కింద, ఒక్కో డిస్ట్రిక్టుకి ఒక్కో బోర్డుతో నడుస్తాయి. చికాగో సిటీ కాలేజీల సంగతి వేరు. మిగతాచోట్ల జనం ఓటేసి ఎన్నుకున్న ఏడుగురు ట్రస్టీలు ఉంటారు. పదవి ఆరేళ్లు, జీతం లేదు. ఒకరు రైతు, ఒకరు రిటైరైన టీచరు, ఒకరు ఇన్సూరెన్స్ ఏజెంటు, ఇలా ఉంటారు. ప్రెసిడెంట్‌ని పెట్టేదీ వాళ్లే, పంపేదీ వాళ్లే. రెండేళ్లకోసారి ఎన్నికలొచ్చి కొందరు మారిపోతారు. నిన్ను ముచ్చటపడి తెచ్చుకున్న నలుగురిలో ఇద్దరు ఓడిపోతే నీ కింద నేల కదులుతుంది. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ వాళ్లు అన్నిరకాల కాలేజీల ప్రెసిడెంట్ల మీద చేసే సర్వేలో, ఆ కుర్చీలో ఉన్నవాళ్లు అప్పటికి గడిపిన సగటు కాలం 2006లో ఎనిమిదిన్నరేళ్లు. 2022కి అది 5.9 ఏళ్లకి దిగింది. ఇల్లు అమ్మి, మీవారి ఉద్యోగం మార్పించి వెళ్లేముందు ఆ లెక్క కూడా చూసుకోవాలి.

డబ్బు సంగతి ఇంకాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొత్తం కాలేజీ బడ్జెట్ నువ్వెప్పుడూ పట్టుకున్నట్టు ఉత్తరంలో లేదు. ఇంటి పన్నుల్లోంచి కొంత, ఫీజుల్లోంచి కొంత, రాష్ట్రం ఇచ్చేది కొంత. ఈ మూడు కాళ్ల పీటలో ఒక కాలు ఎప్పుడైనా విరగొచ్చు. 2015 నుంచి 2017 వరకు మీ రాష్ట్రానికి పూర్తి బడ్జెట్టే లేకపోవడం నువ్వు చూసే ఉంటావు. గవర్నరుకీ శాసనసభకీ పొత్తు కుదరక రెండేళ్లు లాగారు. పేద విద్యార్థులకి రావాల్సిన మ్యాప్ గ్రాంట్లు సమయానికి రాలేదు. కాలేజీలు మనుషుల్ని తీసేశాయి. ఆ రోజుల్లో చిన్న కాలేజీ ప్రెసిడెంట్లు చేసింది ఒకటే పని, వచ్చే నెల జీతాలెలా అని లెక్కేసుకోవడం. డీన్‌గా నువ్వు బడ్జెట్ అడిగే మనిషివి. అక్కడ లేదని చెప్పే మనిషివి అవుతావు. పిల్లల సంరక్షణ కేంద్రం ఉంచాలా, వెల్డింగ్ ల్యాబు ఉంచాలా అని ఇద్దరు మంచివాళ్లు నీ ముందు కూర్చుంటే, ఒకరికి లేదని చెప్పి, ఆ రాత్రి అన్నం తినాలి.

ఇదంతా చెప్పి నిన్ను భయపెట్టాలని కాదు. ఈ పదవిలో ఉన్న అసలు బలం ఎక్కడుందో చూపించడానికి.

నేను డీన్‌గా ఉన్నప్పటి సంగతి. నర్సింగ్ హోములో సహాయకురాలిగా పనిచేసే ఒకమ్మాయి సాయంత్రం క్లాసులకి వచ్చేది. ఫైనాన్షియల్ ఎయిడ్ కాగితాల్లో ఏదో ఒక సంతకం తక్కువైంది. ఆ ఆఫీసు ఐదింటికి మూసేస్తారు. ఆ పిల్ల షిఫ్టు దిగేది ఐదున్నరకి. మధ్యాహ్నం భోజనం విరామంలో రెండుసార్లు పరిగెత్తుకొచ్చింది. ఒకసారి లైను పెద్దగా ఉంది, ఇంకోసారి ఆ కాగితం చూసే మనిషి సెలవు. మూడోసారి రాలేదు, తర్వాత క్లాసుకీ రాలేదు. ఆమె చదువు లెక్కలు రాకపోవడం వల్ల ఆగలేదు. కౌంటర్ మూసి ఉండటం వల్ల ఆగింది.

వారానికి రెండురోజులు ఆ కౌంటర్ ఎనిమిదింటిదాకా తెరిపించాలని నేను పట్టుబట్టాను. ఎంత కాలం పట్టిందో తెలుసా? పద్నాలుగు నెలలు. యూనియన్ కాంట్రాక్ట్‌లో పనివేళలు మార్చాలి. సాయంత్రం ఒక్కతే ఉండటానికి ఆ ఉద్యోగి భయపడితే సెక్యూరిటీ గార్డు కావాలి. ఆ భవనంలో ఆరింటికి హీటింగు తగ్గిపోతుంది, అది మార్చాలి. పార్కింగులో లైటు ఒకటి వెలగదు. ఒక్కోదానికి ఒక్కో ఆఫీసు, ఒక్కో సంతకం. డీన్‌గా నేను అందరి దగ్గరికీ వెళ్లి బతిమాలుకున్నాను. చివరికి మా ప్రెసిడెంట్ ఒక సోమవారం మీటింగులో, వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి తెరుద్దాం, ఏం అడ్డమొచ్చినా నాకు చెప్పండి అన్నాడు. తెరుచుకుంది. ప్రెసిడెంట్ అంటే ఏమిటో నాకు ఆరోజు అర్థమైంది. పాఠం చెప్పేది టీచరు. ఆ పాఠం దాకా మనిషి రాగలిగేలా గంటల్ని సర్దేది ప్రెసిడెంట్.

దేశం మొత్తం మీద కమ్యూనిటీ కాలేజీల్లో చదివేవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతులు పార్ట్‌టైమే. అయినా చాలా కాలేజీల ఆఫీసులు ఇప్పటికీ పగలు ఖాళీగా ఉండే పద్దెనిమిదేళ్ల పిల్లల కోసమే నడుస్తాయి. దీన్ని మార్చినవాళ్లు లేకపోలేదు. ఆరిజోనాలో రియో సలాడో కాలేజీ 1978లో పుట్టింది. దానికి మామూలు క్యాంపస్ అంటూ లేదు. అక్కడ చాలా కోర్సులు సెమిస్టర్ కోసం ఆగకుండా దాదాపు ప్రతి సోమవారం మొదలవుతాయి. లిండా థోర్ అనే ఆవిడ 1990 నుంచి ఇరవై ఏళ్లు దానికి ప్రెసిడెంట్‌గా ఉంది. టెక్సస్‌లోని అమరిల్లో కాలేజీకి 2014లో ప్రెసిడెంట్‌గా వచ్చిన రసెల్ లోవరీ హార్ట్, తమ స్టూడెంట్ ఎవరో ముందు లెక్కలు తీయించాడు. తేలిందేమిటంటే, పిల్లల తల్లి, పార్ట్‌టైమ్ చదువు, ఒకటికి మించి ఉద్యోగాలు. ఆ సగటు మనిషికి మరియా అని పేరు పెట్టుకుని, ఏ నిర్ణయం తీసుకున్నా మరియాకి పనికొస్తుందా అని అడగడం మొదలుపెట్టారు. తిండి సరుకులిచ్చే చోటు, సోషల్ వర్కర్లు కాలేజీలోనే వచ్చారు. పదహారు వారాల సెమిస్టర్ బదులు ఎక్కువ కోర్సులు ఎనిమిది వారాలకి కుదించారు. 2023లో ఆ కాలేజీకి, దేశంలో మేటి కమ్యూనిటీ కాలేజీలకిచ్చే ఆస్పెన్ ప్రైజ్ వచ్చింది, మరో కాలేజీతో కలిపి.

ఎనిమిది వారాల కిటుకు నీకు చెప్పనక్కర్లేదు కానీ చదివే మిగతావాళ్ల కోసం చెబుతాను. నాలుగు సబ్జెక్టులు పదహారు వారాలు మోసే మనిషికి పదో వారంలో షిఫ్టు మారితే నాలుగూ పోతాయి, కట్టిన డబ్బూ పోతుంది. రెండేసి చొప్పున ఎనిమిది వారాలు చదివితే మొదటి రెండూ అప్పటికే చేతిలో ఉంటాయి.

ఇక్కడ ఒక చిక్కు కూడా ఉంది, ఇంటర్వ్యూలో ఇది అడగకపోతే నువ్వే ఎత్తు. మన కాలేజీల్లో బాగా పనిచేసిందని గట్టి పరిశోధనతో తేలిన పథకం న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ వాళ్ల ఆసాప్. 2007లో మొదలుపెట్టారు. బస్సు పాసులు, పుస్తకాలకి సాయం, ఎప్పుడూ అందుబాటులో ఉండే అడ్వైజర్. మూడేళ్లలో పట్టా తీసుకునేవాళ్ల శాతం దాదాపు రెట్టింపైంది. కానీ అందులో చేరాలంటే ఫుల్‌టైమ్ చదవాలి. రాత్రి వేర్‌హౌసులో పెట్టెలు మోసేవాడు ఫుల్‌టైమ్ ఎలా చదువుతాడు? అందరూ ఆసాప్ తెస్తాం అంటారు. నీలాంటి మనిషి మాత్రం, అందులోది ఏ ముక్క తీసుకొచ్చి ఆరు క్రెడిట్లు చదివే ముప్పై ఎనిమిదేళ్ల తల్లికి అతికించాలి అని ఆలోచించగలదు. నిన్ను ఫైనలిస్ట్‌ని చేసేది ఆ ఆలోచనే.

యాస గురించి ఒక్క మాటే. మయామీ డేడ్ కాలేజీకి 1995 నుంచి 2019 దాకా ప్రెసిడెంట్‌గా ఉన్న ఎడ్వార్డో పాద్రోన్ క్యూబా నుంచి టీనేజీలో శరణార్థిగా వచ్చినవాడు. ఇంగ్లీషు ఆయన మాతృభాష కాదు. ఆయన చదువుకున్నదీ ఆ కాలేజీలోనే. 2016లో దేశాధ్యక్షుడి చేతుల మీదుగా, దేశంలో పౌరులకిచ్చే అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ తీసుకున్నాడు. మొక్కజొన్న రైతులు యాసని తొందరగానే అలవాటు చేసుకుంటారు. మనిషి తమ ఊరిదా, ఇంకో మెట్టు కోసం వచ్చిందా అన్నదే చూస్తారు.

మీ ఆడపడుచుకి నువ్వేమీ చెప్పకు. మనవాళ్లకి కమ్యూనిటీ కాలేజీ అంటే పెద్ద యూనివర్సిటీలో సీటు రాని పిల్లల్ని పంపే చోటు. అలా అనేవాళ్ల ఇళ్లలోనే కోడలు హెచ్‌4 మీద కోర్సు చేస్తుంటుంది, కొడుకు హైస్కూల్లో ఉండగానే ఇక్కడ క్రెడిట్లు మిగుల్చుకుంటుంటాడు. ఈ కాలేజీలకి మొదలు మీ రాష్ట్రమే. 1901లో జోలియట్‌లో ఒక హైస్కూలు ఆసరాగా ఆరుగురు విద్యార్థులతో మొదలైంది. ఎప్పుడైనా ఆమె మంచి మూడ్‌లో ఉంటే చెప్పు, లేకపోతే వదిలెయ్.

మీ అమ్మగారి మాట మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. ఆవిడ చదివిన ఓపెన్ యూనివర్సిటీ 1982లో హైదరాబాద్‌లో పెట్టారు, దేశంలోనే మొదటిది, తర్వాత అంబేద్కర్ పేరు పెట్టారు. దానికి మొదటి వైస్ చాన్స్‌లర్ జి. రామ్‌రెడ్డి గారు. అంతకుముందు ఆయన ఉస్మానియాకి వైస్ చాన్స్‌లర్. అంత పెద్ద యూనివర్సిటీ నడిపినవాడు, ఇంటర్ పాసవ్వకపోయినా ఎంట్రన్స్ రాసి చేరగలిగే, సెలవురోజుల్లో స్టడీ సెంటర్‌లో క్లాసులు జరిగే కొత్త సంస్థకి వెళ్లాడు. "ఓపెన్‌లో చేశాడంట" అని జనం ఇప్పటికీ పెదవి విరుస్తారు కదా, మరి అప్పుడెంత విరిచి ఉంటారో. ఆయన తర్వాత ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీకి మొదటి వైస్ చాన్స్‌లర్ అయ్యాడు. ఆదివారం నాడు ఎవరో ఒక గది తాళం తీసి ఉంచడం వల్ల మీ అమ్మ డిగ్రీ అయింది. నిన్ను వెళ్లమంటోందంటే ఆవిడకి ఆ తాళం సంగతి తెలుసు. అడుగు ఒకసారి, ఆదివారాలు నిన్ను ఎవరి దగ్గర వదిలి వెళ్లేదో. ఆ జవాబు నీ అప్లికేషన్ ఉత్తరంలో మొదటి పేరా అవ్వొచ్చు. నాలుగు పేజీల విజన్ కంటే అది నయం.

ఇప్పుడు నీ ప్రశ్నకి. అప్లై చెయ్యమనీ అనను, వద్దనీ అనను. వచ్చే మంగళవారం మధ్యాహ్నం సెలవు పెట్టి, మీవారిని తీసుకుని ఆ ఊరు వెళ్లు. కన్సల్టెంట్‌కి చెప్పకు. ఊళ్లో ఏదైనా చిన్న హోటల్లో భోంచెయ్. అక్కడ పెద్ద యజమాని ఎవరో కనుక్కో. ఆసుపత్రా, జైలా, మాంసం ప్యాకింగ్ ఫ్యాక్టరీనా, అక్కడ షిఫ్టులు ఎన్నింటికి మారతాయి? తర్వాత ఏడింటికి కాలేజీలోకి నడువు. ఏ కౌంటర్లు తెరిచి ఉన్నాయి? లైబ్రరీ ఉందా? తినడానికి మెషీన్‌లో చిప్స్ తప్ప ఏమైనా ఉందా? రాత్రి క్లాసు నుంచి బయటికొచ్చే ఒకామెని, ఇక్కడ చదువు ఎలా ఉందమ్మా అని అడుగు. తిరుగు ప్రయాణంలో నాలుగు గంటలూ ఆ చీకటి కౌంటర్ల గురించే మాట్లాడుకుంటూ వస్తే అప్లై చెయ్. ఇళ్ల ధరల గురించీ, బాబు స్కూలు గురించీ మాట్లాడుకుంటూ వస్తే ఈసారి వదిలెయ్. ఇంకో కాలేజీ వస్తుంది.

బాబు సంగతి మీరిద్దరూ తేల్చుకోవాల్సిందే. పదకొండో తరగతి మధ్యలో స్కూలు మార్చడం నాకైతే ఇష్టం లేదు, అంతకు మించి ఆ ఇంట్లో సంగతి నాకేం తెలుసు. కొంతమంది ఏడాదిపాటు రెండిళ్లు పెడతారు, ఖర్చూ అలసటా రెండూ ఉంటాయి.

డాక్టరేట్ గురించి కన్సల్టెంట్‌ని సూటిగా అడుగు. ప్రకటనలో తప్పనిసరి అని ఉందా, ఉంటే మంచిది అని ఉందా చూడు. తప్పనిసరి అయితే అడ్డదారులు వెతక్కు. మంచిది అని ఉంటే పూర్తయ్యే తేదీ చెప్పగలగాలి, ఆ తేదీ మీ గైడ్ నోటినుంచి వచ్చింది కావాలి. అప్లై చేసినా చెయ్యకపోయినా ఈ ఏడాది మీ ఫైనాన్స్ వైస్ ప్రెసిడెంట్ దగ్గర కూర్చుని మొత్తం బడ్జెట్ ఒకసారి మొదటినుంచి చివరిదాకా నేర్చుకో. అడిగితే కాదనరు. ఆ పక్క కుర్చీలో కూర్చునే డీన్లు అరుదు.

చివరిగా ఒక ఆచరణ విషయం, నేను చేసిన తప్పు. ప్రెసిడెంట్ పదవికి ఫైనలిస్టుల పేర్లు సాధారణంగా బయటపెడతారు. క్యాంపస్‌లో అందరి ముందూ ఫోరం పెట్టి ప్రశ్నలడుగుతారు, ఊరి పేపర్లో ఫోటో వస్తుంది. రెండోసారి నేను మా ప్రెసిడెంట్‌కి చెప్పడానికి మొహమాటపడ్డాను. ఆయన పేపర్లో చూసి తెలుసుకున్నాడు. ఉద్యోగం రాక నేను తిరిగొచ్చేసరికి నా ప్రాజెక్టులు రెండు వేరేవాళ్లకి వెళ్లిపోయాయి, మీటింగుల్లో నా కుర్చీ కాస్త చివరికి జరిగింది. అందుకని అప్లికేషన్ పంపేముందే మీ ప్రెసిడెంట్ గది తలుపు తట్టి, కూర్చుని చెప్పు. నువ్వు అప్లై చేసిన కాలేజీ బోర్డులో ఎవరు మీ ప్రెసిడెంట్‌కి ఫోన్ చేసినా, ఆ ఫోన్ ఆయనకి కొత్త వార్త కాకుండా ఉండాలి.